ఖాతాదారుకు చెందును

చేప ముళ్లు ఏరి నా భర్త ఖల్ఫాన్ పళ్లెంలో వేస్తున్నాను. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా పైకి చదివారు.

“గురువారం, పదీ ఇరవై. ఖబరస్తాన్ ప్రహరీ పక్కన టాక్సీ పన్నెండు నిమిషాలు ఆగింది. కిందటి గురువారమూ అంతే, అంతకు ముందు వారమూ అంతే. ఏం మౌజా, చచ్చినవాళ్లతో కబుర్లా?”

హాస్యానికే అన్నారు. నా చేతిలో ముల్లు మాత్రం వేలికి గుచ్చుకుంది.

మా మొదటి బిడ్డ సలామా నాలుగేళ్లకు జ్వరంతో పోయింది. మగవాళ్లు మోసుకుపోయారు. ఆడవాళ్లు వెంట వెళ్లడం మర్యాద కాదు గనక మేము ఇంట్లో ఉండిపోయాం. నలభై నాలుగేళ్లయినా దాని సమాధి ఏ వరసలో ఉందో నాకు తెలియదు. ఇంటి కారులో వెళితే డ్రైవర్ సాయంత్రానికల్లా అయ్యగారికి అంతా అప్పజెబుతాడు. అబూదబీ వీధుల్లోకి డ్రైవర్ లేని టాక్సీలు వచ్చాక నాకు తోచింది: మనిషే లేనిచోట చెప్పేవాడూ ఉండడు. గోడ పక్కన ఆపించి, అద్దమైనా దించకుండా, ఏడ్చి వచ్చేదాన్ని.

కబురు ఎలా చేరిందో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. ఈ టాక్సీల నిబంధనలపై సలహా సంఘంలో ఆయన సభ్యులు. కైరోలో ఇద్దరం ఒకే తరగతిలో న్యాయశాస్త్రం చదివాం. కుర్చీ ఆయనకు దక్కింది, కుర్చీ రాతపని నాకు. ఆయన అభిప్రాయాలన్నీ వంటింటి బల్ల మీద నేను రాశాను, ఆయన చదవకుండానే సంతకం పెట్టారు. ప్రయోగ కాలానికి అమలులో ఉన్న ఇరవై మూడో నిబంధనా అలాంటిదే: ‘ప్రయాణ వివరములు ఖాతాదారుకు చెందును.’ ప్రమాదం జరిగితే బాధ్యత సంస్థదా, దూరం నుంచి బండిని గమనించే ఉద్యోగిదా అని పది పేజీలు తర్కించినదాన్ని, ఖాతా ఒకరిదై ప్రయాణం మరొకరిదైతే ఏమవుతుందని ఒక్క వాక్యం ఆలోచించలేదు. ఫోనూ, బ్యాంకు కార్డూ భర్త పేరున ఉన్న నేను, చట్టం రాస్తూ నన్నే మరిచిపోయాను.

“నీ నంబరు ఖాతాలోంచి తీసేశాను,” అన్నారు చేయి కడుక్కుంటూ. “డ్రైవర్ ఉన్నాడుగా. ఈ వయసులో మనిషి లేని బండెందుకు?”

“సలామా దగ్గరికి వెళ్లాను.”

ఆయన కుళాయి కట్టేసి తువ్వాలు అందుకున్నారు.

“ఇచ్చినవాడే తీసుకున్నాడు. ఇంకా ఎందుకు తవ్వుకుంటావు? అప్పుడు మేం చూసుకున్నాం కదా.”

నిబంధనలను శాశ్వతం చేసే ముందు ప్రభుత్వం ప్రజల అభ్యంతరాలు కోరింది. నేను కూర్చుని ఇరవై మూడో నిబంధన మీద నాలుగు పేజీలు రాసి, నా పేరు పెట్టి పంపాను. ఆ తరువాత రెండు గురువారాలు ఇంట్లోనే గడిచాయి.

మూడో వారం ఆయన ఒక కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పడేశారు.

“ఇరవై మూడు మీద గోల. ఆదివారానికల్లా జవాబులు రాసిపెట్టు. దేన్నీ ఒప్పుకోకు.”

“మీరు చదివారా?”

“నువ్వున్నావుగా, నాకెందుకు శ్రమ!”

కట్టలోంచి నా నాలుగు పేజీలు వేరుచేసి ఆయన ముందుంచాను.

“మిగతావాటికి రాస్తాను. దీనికి జవాబు మీరే రాయాలి. ఇది నాది.”

ఆయన కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నారు. నా వాదనలో ఒక బలహీనమైన చోటుంది. అది ఎక్కడుందో ఆయనకు చెప్పలేదు.