కోళ్లకు పెట్టిన మందు

ఆ ఏడు వానాకాలం మొదట్లో కొండమ్మ కోళ్లకు తెగులు తగిలింది. సారపాక దాటి అడవిలోకి పోయే దారిలో వాళ్ల గూడెం. పగలంతా వెదురు పొదల కింద ఏరుకు తిని, పొద్దుగూకే వేళకు గూటికి చేరే నాటుకోళ్లు ఒక్కొక్కటే మెడ వాల్చేస్తుంటే ఆమె ప్రాణం ఉసూరుమంది. ఊళ్లో మందులమ్మే కిషన్‌లాల్ క్యాప్సూల్ గోలీలు ఇచ్చాడు. వాటిని విప్పి, పొడిని తవుడులో కలిపి పెట్టింది. కొన్ని చచ్చాయి, కొన్ని తేరుకున్నాయి. తేరుకున్నవి మందు వల్లే తేరుకున్నాయని ఆమె నమ్మింది. అప్పటినుంచి కోడి తుమ్మినా ఆ పొడే, మబ్బు పట్టినా ఆ పొడే.

ముసురు రోజుల్లో ఆమె పెనిమిటి బొజ్జయ్య కోళ్ల గూడు శుభ్రం చేస్తుంటే రేకు అంచు పిక్కలో దిగింది. పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని, తెల్లారి చేనుకు పోయాడు. కొద్ది రోజుల్లోనే కాలు బుంగలా ఉబ్బింది. కిషన్‌లాల్ అవే గోలీలు ఇచ్చాడు. జ్వరం దిగలేదు. ఒళ్లు కాలిపోతుంటే కొండమ్మ ఆటో ఎక్కించి భద్రాచలం తీసుకుపోయింది.

పెద్ద దవాఖానాలో చీము తీసి పరీక్షకు పంపారు. పడుచు డాక్టరమ్మ శ్రావణి కొండమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, మామూలు మందులేవీ ఆ క్రిమి మీద పనిచేయడం లేదంది. ఇంట్లో కోళ్లున్నాయా, వాటికేమైనా పెడుతున్నారా అని అడిగింది. కొండమ్మ దాచలేదు. అయినదానికీ కానిదానికీ మందు పెడుతుంటే క్రిములు దానికి లొంగకుండా పోతాయని, కోళ్ల పెంటలోంచి అలాంటివి గాయంలో చేరి ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది.

"అంటే నా చేతులతోనే చేసుకున్ననా అమ్మా?"

"గట్ల గట్టిగ చెప్పలేం పెద్దమ్మా. ఎక్కడినుంచైనా రావచ్చు. కోళ్లకు వచ్చింది కొక్కెర తెగులైతే మాత్రం ఆ గోలీలు అసలే పనిచెయ్యవు. ముందే టీకా వేయించాలె."

ఎక్కడినుంచైనా అన్న మాట కొండమ్మకు ఎక్కలేదు. అసలే పనిచెయ్యవన్నదొక్కటే చెవిలో నిలిచిపోయింది.

ఉన్నవాటిలో గట్టి మందు ఎక్కించారు. కాలు తీసేద్దామనుకునేసరికే విషం ఒళ్లంతా పాకింది. ఉండబట్టలేక ఆమె కోళ్ల మందు సంగతి బొజ్జయ్యకు చెప్పేసింది. అతను మగతలోనే ఆమె చేయి వెతుక్కున్నాడు.

"నీకేం ఎరుక కొండీ. బతికించుకుందామనే గదా పెట్టినవ్."

ఆ సాయంత్రమే మాట పడిపోయింది. మర్నాడు పోయాడు. శవాన్ని తెచ్చేసరికి వాగు పొంగి, గూడేనికి ఇవతలి గట్టునే ఆగిపోవాల్సి వచ్చింది. వాగు తగ్గేదాకా ఆమె తడుస్తూ అతని పక్కనే కూర్చుంది.

దినాలయ్యాక పక్క తండా హేమ్లి వచ్చింది. తన కోళ్లు మెడలు వాలుస్తున్నాయట, మిగిలిన గోలీలుంటే ఇమ్మంది. కొండమ్మ జరిగిందంతా చెప్పింది. పశువుల డాక్టరుకు చూపించమని, మిగిలిన వాటికైనా టీకా వేయించమని బతిమాలింది.

"నీ కోళ్లు బతికినప్పుడు మంచి మందు. నా కాడికొచ్చేసరికి చెడ్డదాయెనా అక్కా?"

"అవి మందుతోని బతకలే హేమ్లీ. ఆయుష్షుండి బతికినయ్."

మొగుడు పోయిన దుఃఖంలో ఏదో అంటున్నదనుకుంది కాబోలు, హేమ్లి మెల్లగా ఆమె వీపు నిమిరింది. లేచి, కిషన్‌లాల్ ఇంటి దారి పట్టింది.