ఆదివారం నొప్పి

ఆ పిల్లకు తాను ఎప్పుడైనా అబద్ధం నేర్పాడా?

ఇస్త్రీబల్ల మీద తెల్లచొక్కా కాలరు లాగి పరుస్తూ, అతడు పొద్దున్నుంచి ఆ ప్రశ్ననే అటూ ఇటూ తిప్పుతున్నాడు. నేర్పలేదు. భార్య విడిపోయి ఊరికి ఆ చివర అద్దెగదికి వెళ్ళిన నాటినుంచి, ఆమె గురించి కూతురి ముందు ఒక్క చెడ్డమాట పలకలేదు. అది అతడు లోలోపల దాచుకున్న గర్వం. ఆదివారాలు పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళాలి. మరి పొద్దున దుకాణం తలుపు తీస్తుండగా, తొమ్మిదేళ్ళ పిల్ల జడకు రిబ్బను ముడివేసుకుంటూ అంత మామూలుగా ఎలా అడిగింది?

"నాన్నా, ఇవాళ అమ్మకి ఏం నొప్పని చెబుదాం? కడుపునొప్పి పోయినవారమే అయిపోయిందిగా."

నీళ్ళు చిలకరించాడు. చొక్కా మడిచాడు, విప్పాడు, అయినదాన్నే మళ్ళీ ఇస్త్రీ చేశాడు.

పక్కనే కుట్టుమిషను ముందున్న దర్జీ కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఆ చొక్కా ఏం పాపం చేసిందయ్యా? పొద్దున్నుంచి దాన్నే పట్టుకున్నావ్." మూల స్టూలు మీద కాళ్ళాడిస్తున్న పిల్ల వైపు తిరిగాడు. "ఏమే పిచ్చుకా, ఆదివారం జబ్బు వచ్చేసిందా? అదేదో సోమవారం బడికెళ్ళేటప్పుడు వస్తే కాస్త లాభముండేది కదే!"

"పో మామయ్యా!"

నాలుక బయటపెట్టి నవ్వబోతూ, పిల్ల తండ్రి ముఖం వైపు చూసింది. నవ్వవచ్చో లేదో అక్కడ రాసి ఉన్నట్టు.

ఆ చూపును ఇన్నాళ్ళూ ప్రేమ అనుకున్నాడు. తల్లి దగ్గరనుంచి పిల్ల కేరింతలు కొడుతూ వచ్చిన రోజున అతడు తలెత్తకుండా బట్టలు మడిచాడు. "అక్కడేం బాలేదు" అంటూ ముఖం ముడుచుకుని వచ్చిన రోజున భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. "వెళ్ళిరా తల్లీ, నాదేముంది, ఒక్కణ్ణే ఉంటాను" అన్న ప్రతిసారీ పిల్ల కాళ్ళకు తాడు కట్టాడు. పాఠం నోటితోనే చెప్పాలని ఎవరన్నారు?

ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టి, పిల్ల ముందు గొంతుకూర్చున్నాడు. "అమ్మ దగ్గరికి వెళ్ళాలని నీకు లేదా?"

"నీకేం కావాలో చెప్పు నాన్నా. నాకూ అదే."

నిన్నటివరకూ అతడు ఆ మాటకు పొంగిపోయేవాడు.

ఫోను మోగింది. పిల్ల చటుక్కున రెండు చేతులూ పొట్టకు ఆనించుకుంది. నటన అనుకుని వారించబోయాడు. పిల్ల నుదుట చెమట పట్టింది. వేళ్ళు చల్లబడి ఉన్నాయి. "నిజంగానే నొప్పెడుతోంది నాన్నా," అంది, తనకే ఆశ్చర్యంగా.

అతడు ఫోనెత్తాడు. అవతల పిల్ల తల్లి. "మేమే వస్తున్నాం."

ప్లగ్గు పీకి సైకిలు బయటికి తీశాడు. దారంతా పిల్ల వెనకనుంచి చొక్కా లాగుతూనే ఉంది. "నేను తప్పు చెప్పానా? కోపమొచ్చిందా?"

వంతెన ఎత్తులో దిగి సైకిలు నడిపిస్తూ అన్నాడు: "తప్పు చెప్పింది నా ముఖం. నువ్వు అక్కణ్ణుంచి నవ్వుతూ వస్తే నాకేం కాదు."

పిల్ల నమ్మలేదు. ఇలాంటి మాటలు ఇదివరకే విన్నది.

తల్లి మెట్ల దగ్గర చేతులు కట్టుకుని, ఈసారి సాకు ఏమిటో వినడానికి సిద్ధంగా నిలబడి ఉంది. దారిలో కూర్చుకున్న వాక్యాలన్నీ అతడు పక్కనపెట్టాడు.

"చదరంగంలో మీ అమ్మ నన్ను ఒక్కసారైనా గెలవనిచ్చిందేమో అడుగు," అన్నాడు పిల్లతో.

ఆమె అనుమానంగా చూసింది. "నేను కావాలని ఓడిపోదామన్నా కుదిరేది కాదే. మీ నాన్న నాకంటే ముందే ఓడిపోయేవాడు."

అతడికి నవ్వొచ్చింది. తెచ్చిపెట్టుకున్న నవ్వు కాదు. పిల్ల ఆ ముఖాన్నీ ఈ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"నాకూ నేర్పుతావా అమ్మా?"

"రాత్రికి ఉంటే నేర్పుతా."

పిల్ల అలవాటుగా తండ్రి వైపు తిరిగింది. ఈసారి అతడు ముఖం తిప్పుకోలేదు. "ఉండు. రేపు బడికి అమ్మే దింపుతుంది," అన్నాడు. అని, మనసు మారేలోగా సైకిలు వెనక్కి తిప్పాడు.

మెట్ల మీద పరుగు వినిపించింది. తర్వాత తలుపు పడింది.

సైకిలు క్యారియరు మీద, పిల్లకు మెత్తగా ఉండాలని పరిచిన పాత దుప్పటి మడత, మధ్యలో పల్లమై, ఒక అంచు కిందికి వేలాడుతోంది.