లార్క్‌హామ్ ఇంజిన్ మనిషి

నౌకాదళంలో ఉన్న నాలుగేళ్ళలో విల్ఫ్ ప్రివెట్ పోర్ట్స్‌మత్ రేవు దాటి ఎన్నిసార్లు సముద్రంలోకి వెళ్ళాడో లెక్కలేదు. అయినా ఆ రేవు ముఖద్వారాన్ని ఓడ మీద నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. ఓడ కదిలేటప్పుడూ, తిరిగి ఒడ్డు చేరేటప్పుడూ అతని చోటు అడుగున ఇంజిన్ గదిలోనే. అక్కడ కిటికీ లేదు. పైనుంచి గంట మోగేది, పైవాళ్ళ ఆజ్ఞ చూపే ముల్లు తిరిగేది. ముందుకంటే ముందుకు, ఆపమంటే ఆపు.

ఓడ పేరు లార్క్‌హామ్. యుద్ధం వదిలిపోయిన మందుపాతరలను సముద్రంలోంచి ఏరేసే చిన్న చెక్క యుద్ధనౌక. పందొమ్మిదో ఏట అందులో చేరాడు. రెండేళ్ళకు బెరిల్‌ని పెళ్ళాడాడు. లార్క్‌హామ్ బయల్దేరిన ప్రతిసారీ బెరిల్ రేవు ముఖాన ఉన్న పాత రాతి బురుజెక్కి చెయ్యి ఊపేది. మొదటిసారి అతను ఇంటికి రాగానే, “చూశావా నన్ను?” అని అడిగింది.

పైన తాళ్ళు చుట్టే టోలీ అతనికి ముందే చెప్పాడు, మీ ఆవిడ నీలం కండువా ఊపిందని.

“చూడకేం? నీలం కండువా కదూ?” అన్నాడు విల్ఫ్.

ఆమె మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ప్రతిసారీ టోలీని అడిగి తెలుసుకునేవాడు, ఇంటికొచ్చి చూశాననేవాడు. నౌకాదళం వదిలాక కూడా ఆ నిజం చెప్పనే లేదు. అలా యాభై అయిదేళ్ళు గడిచిపోయాయి.

ఈలోగా లార్క్‌హామ్‌ని నౌకాదళం వదిలించుకుంది. ఎవరో కొని అందులో కొన్నాళ్ళు కాపురమున్నారు. తరవాత ఒక వాగులో బురదకి వదిలేశారు. రేవుకి అవతలి ఒడ్డున గాస్‌పోర్ట్‌లో కొందరు పూనుకుని దాన్ని బయటికి లాగి, పన్నెండేళ్ళపాటు శనివారం శనివారం బాగుచేశారు. ఇంజిన్లు రెంటినీ విల్ఫే ఊడదీసి బిగించాడు. పక్కన గ్లెనిస్ ఉండేది. ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. చేతులకీ నోటికీ రెంటికీ పదునెక్కువ.

చివరికి జూన్‌లో ముహూర్తం కుదిరింది. లాగే పడవ సాయం లేకుండా, తన ఇంజిన్లతో తనే లార్క్‌హామ్ సముద్రంలోకి వెళ్ళి రావాలి. కెప్టెన్ నెవిల్ విల్ఫ్‌ని పక్కకి పిలిచాడు.

“పెద్దాయనా, ఈసారి మీరు పైనే ఉండండి. కింద గ్లెనిస్ చూసుకుంటుంది. డెబ్భయ్యారేళ్ళొచ్చాయి, ఒక్కసారైనా మన రేవు చూడొద్దూ?”

ఆ పొద్దున బెరిల్ టోస్టుకి వెన్న రాస్తూ, “నేను బురుజు దగ్గరికెళ్తున్నా. ఈసారన్నా కళ్ళు తెరుచుకుని చూడు,” అంది.

విల్ఫ్ ఉలిక్కిపడ్డాడు. “ఈసారన్నా అంటే?”

“టీ చల్లారిపోతోంది,” అందామె.

ఇంజిన్లు దగ్గాయి. ముందు కుడిది, ఆ వెంటనే ఎడమది అందుకున్నాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పైన నిలబడ్డ విల్ఫ్‌కి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎండ, గాలి, ఇంత ఆకాశం! ఈ ఓడకి ఇన్ని ఉన్నాయని అతనికి తెలియనే తెలియదు. రేవు దాటించే పడవ ఎదురొచ్చి ఈల వేసింది. అల్లంత దూరాన బురుజు కనిపించింది, దాని మీద మనుషులు. అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అప్పుడే కాళ్ళ కింద ఎడమ ఇంజిన్ ఓ దెబ్బ తప్పింది. పైన ఇంకెవరూ గమనించలేదు. విల్ఫ్ ఆలోచించలేదు, కాళ్ళే అతన్ని నిచ్చెన దగ్గరికి తీసుకుపోయాయి.

కింద గ్లెనిస్ అప్పటికే కవాటం తిప్పేసి చేతులు తుడుచుకుంటోంది. ఇంజిన్ మళ్ళీ గాడిలో పడింది.

“నువ్వెందుకొచ్చావయ్యా?” అని అరిచింది. “ఫిల్టర్లో చెత్త పడింది, రెండోదానికి మార్చేశా. నా మీద నమ్మకం లేదా?”

“నాకుంది. నా కాళ్ళకి లేదు.”

“పో, పైకి పో! మీ ఆవిడ అక్కడ నిలబడుంటుంది!”

దిగిన మోకాళ్ళు ఎక్కనన్నాయి. తల బయటికి పెట్టేసరికి బురుజు వెనకబడింది. దాని మీది తలకాయలు మిరియాల గింజలంత ఉన్నాయి. వాటిలో బెరిల్ ఏదో తెలియలేదు. అయినా టోపీ ఊపాడు, భుజం నొప్పెట్టేదాకా ఊపాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బురుజు మీద గాలం వేసుకునే ఇద్దరు తప్ప ఎవరూ లేరు.

ఇంటికెళ్ళేసరికి బెరిల్ వేడినీళ్ళ బేసిన్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

“కిందికి దిగావు కదూ?”

“ఎవరు చెప్పారు?”

“ఎవరో చెప్పాలా? ఓడ పొగగొట్టంలోంచి నల్లటి పొగముద్ద ఒకటి ఊడిపడింది. ఇంజిన్ తుమ్మితే నువ్వు పైన నిలబడతావా?”

విల్ఫ్ కుర్చీ అంచున కూలబడ్డాడు. “బెరిల్, నీకో మాట చెప్పాలి. అప్పట్లో నేను…”

“టోలీ చెప్పేవాడనేగా? టోలీ పెళ్ళాం ఆ వారమే నా చెవినేసింది.”

“తెలిసీ ప్రతిసారీ అడిగావా?”

“అబద్ధం ఆడేటప్పుడు నీ చెవులు ఎర్రబడేవి. చూడ్డానికి భలే ఉండేది.” ఆమె నవ్వింది. “పిచ్చివాడా, నీ మొహం చూడ్డానికి నేనేనాడూ రాలేదు. పొగ కోసం వచ్చేదాన్ని. పొగ పల్చగా, తిన్నగా పోతోందంటే కింద మా ఆయన బాగున్నట్టే. చూసుకుని ఇంటికెళ్ళేదాన్ని.”

విల్ఫ్ తువ్వాలు తీసి, నేల మీద కూర్చుని, ఆమె కాళ్ళు ఒక్కొక్కటీ తుడిచాడు.

సెప్టెంబరులో లార్క్‌హామ్ మళ్ళీ బయల్దేరింది. నెవిల్ బెరిల్‌కి పైన ఎండలో మంచి కుర్చీ వేయించాడు. ఆమె దానివైపు చూడనైనా చూడలేదు.

“కింద నీ చోటెక్కడో చూపించు,” అంది విల్ఫ్‌తో.

గ్లెనిస్ తన చెవిమూతలు ఆమెకిచ్చి, “నాకూ కాస్త గాలి తగలాలిలే,” అంటూ పైకి వెళ్ళిపోయింది. బెరిల్ పనిముట్ల పెట్టె మీద కూర్చుంది. గంట మోగింది. విల్ఫ్ రెండు పిడులూ ముందుకు నెట్టాడు, గదంతా అదిరింది. కాసేపటికి ఓడ ఒక పక్కకి ఒరిగింది; రేవు ముఖాన పోటు తగిలినప్పుడల్లా అలాగే ఒరుగుతుంది. విల్ఫ్ వేలితో పైకి చూపించి, బురుజు వచ్చిందని సైగ చేశాడు.

బెరిల్ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని గట్టిగా ఏదో అంది. ఆ హోరులో అతనికి ఒక్క ముక్క వినపడలేదు. విన్నట్టే తలూపాడు. ఆమె అతని చెవుల వైపు చూసి పగలబడి నవ్వుతుండగా గంట మళ్ళీ మోగింది.