కూతురి ఇంటి మీద ఎర్ర గీత

మేస్త్రి గోడకు చెవి ఆనించి చిన్న సుత్తితో మూడుసార్లు తట్టాడు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే లోపల విడిపోయినట్టు. ఇది పలకనే లేదు. లోపల ఇసుక జారిన చప్పుడు మాత్రం వినిపించింది.

"ఎరుపే అమ్మా," అన్నాడు.

దెబ్బతిన్న ఇళ్లు పరీక్షించడానికి వచ్చిన ఇంజినీరమ్మ కాగితం మీద రాసుకుంది. అతను డబ్బాలో కుంచె ముంచి తలుపు మీద అడ్డంగా ఎర్ర గీత గీశాడు. ఇక ఆ ఇంట్లోకి ఎవరూ వెళ్లకూడదు.

భూకంపం వచ్చి పందొమ్మిది రోజులు. అరవై మూడేళ్ల మేస్త్రికి ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి ఉంటుంది. నలభై ఏళ్లు ఇటుకలు మోసిన భుజం. వేళ్ల సందుల్లో సిమెంటు తినేసిన తెల్లటి పగుళ్లు. ఈ పేటలో సగం గోడలు అతను లేపినవే. ఏ ఇంటి మీదా అతని పేరు లేదు. ఉండాలని అతనికీ తోచలేదు.

పొద్దుటి నుంచి పదకొండు ఇళ్లయ్యాయి. పన్నెండోది కూతురిది.

ఆ ఇల్లూ అతను కట్టిందే. నాలుగేళ్ల కిందట అల్లుడు కింద దుకాణం పెట్టుకుంటానంటే, వీధివైపు గోడా నడిమి గోడా తన చేత్తోనే పడగొట్టి ఇచ్చాడు. ఇప్పుడు పై అంతస్తంతా సన్నటి స్తంభాల మీద నిలబడి ఉంది. స్తంభాల పైకొసన కాంక్రీటు రాలి, వంగిన చువ్వలు బయటపడ్డాయి.

"నేల కదిలితే పైదంతా ఒక్క ముద్దలా ఊగుతుంది మేస్త్రిగారూ. పట్టి ఉంచడానికి కింద గోడల్లేవు. ఇంకొక్క చిన్న కుదుపు చాలు," అంది ఇంజినీరమ్మ.

"బరువు మోసే గోడ కాదు కదా, ఉత్త అడ్డుగోడే కదా అనుకున్నానమ్మా."

పేట జనం తలదాచుకున్న గుడారాల దగ్గర్నుంచి కూతురు వచ్చి వీధిలో నిలబడింది. బట్టలు కుట్టే మనిషి.

"ఐదు నిమిషాలు నాన్నా. మిషను తెచ్చుకుంటాను. జనం కుట్టమని ఇచ్చిన గుడ్డలన్నీ లోపలే ఉన్నాయి."

"వద్దమ్మా."

"నువ్వు కట్టిన ఇల్లే కదా?"

"అందుకే వద్దంటున్నాను."

"నీకేం, గీత గీసి వెళ్లిపోతావు. నేను చేతులు ముడుచుకు కూర్చోవాలి."

అతను డబ్బాలో కుంచె ముంచాడు. గీత గీస్తుంటే చెయ్యి ఆగి, రంగు బొట్లుబొట్లుగా కారింది. ఆమె మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. రోజూ మధ్యాహ్నం భోజనానికి రమ్మని చెప్పి వెళ్లేది, ఇవాళ చెప్పలేదు.

ఇంజినీరమ్మ తినడానికి కూర్చోగానే, "ఇప్పుడే వస్తానమ్మా," అని లేచాడు.

తర్వాతి సంగతి ఎదురింటి పెద్దాయన చూశాడు. మేస్త్రి మిషనును చంటిపిల్లలా ఛాతీకి ఆనించుకుని మెట్లు దిగి, రోడ్డుకు అవతల నీడలో పెట్టాడు.

"ఇంక చాలు, రావయ్యా," అన్నాడు పెద్దాయన.

"గుడ్డల మూట ఒక్కటే," అని మేస్త్రి మళ్లీ లోపలికి వెళ్లాడు.

కుదుపు ఏడెనిమిది సెకన్లు ఉంది. గుడారాల్లో గిన్నెలు గలగలమని ఊరుకున్నాయి. జనం లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నారు. కూతురికి అప్పటికే కోపం తగ్గింది. తండ్రికి తీసి ఉంచిన పళ్లెం మీద మూత సర్ది, ఆయన్ని పిలుచుకు రావడానికి బయల్దేరింది.

వీధి మొదట్లోనే దుమ్ము కనిపించింది. దుకాణం లేదు. పై అంతస్తు ఉన్నదున్నట్టుగా కిందికి దిగి నేలమీద కూర్చుంది.

సాయంత్రానికి మెట్ల దగ్గర అతన్ని బయటికి తీశారు. మూట చేతిలోనే ఉంది. "నేనే అడిగానండీ," అంది కూతురు ఇంజినీరమ్మతో. మళ్లీ అదే మాట అంది.

గాజుపెంకులు గుచ్చుకుంటాయని ఇంజినీరమ్మ చెప్పాక మేస్త్రి ఏ ఇంటి ముందూ చెప్పులు విప్పలేదు. కూతురి ఇంటి ముందు రోడ్డు వారన మాత్రం, దుమ్ము కప్పిన అతని పాత చెప్పులు పక్కపక్కనే విప్పి ఉన్నాయి; ఎడమదాని తెగిన పట్టీని సన్నటి ఇనుప తీగతో కట్టుకున్నాడు.