సీడ్ నంబరు మిరప

అబద్ధం అనేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపొండి. చెప్పడం మొదలెట్టాక నన్ను ఆపడం ప్రకాశం బ్యారేజీ వల్ల కూడా కాదు.

నల్లపాడు దాటాక మా ఊళ్ళో అఖిల అని ఇంజనీరింగ్ పిల్ల ఉంది. సాయంత్రాలు అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఊరందరి చేతా జీన్ చేయిస్తుంది. జీన్ అంటే ప్యాంటు కాదు. ఒకే కాగితం మీద అచ్చేసి, మడిచి, మధ్యలో కోస్తే ఎనిమిది పేజీల పుస్తకం. ఆ కోత చూపించింది నేనే. అప్పటిదాకా లోకానికి కత్తెర పట్టుకోవడం రాదు. పేజీకొకరు రాస్తారు. బొమ్మలు మాత్రం అఖిల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన కోడ్ వేస్తుంది.

ఆ రోజు బుల్లయ్య అచ్చు కాగితం పట్టుకుని మొహం చిట్లించాడు. "నా పేజీ తలకిందులుగా వచ్చిందేంటమ్మాయ్?"

"మడిస్తే నిలబడుద్ది తాతా."

"అయితే నా నడుం కూడా అట్టా మడిచి నిలబెట్టు."

అందరూ నవ్వారు, సఫూరా తప్ప. ఆమె కౌలురైతు. కొన్న మిరప విత్తనం నారుమడిలో ఒక్కటీ మొలవలేదు. ఈ పదును దాటితే చేను బీడే. బీడు పెడితే కౌలు ఇంకొకరికి ఇస్తానని పొలం ఆసామి వెంకయ్య చెప్పేశాడు. అయినా తన పేజీకి మిరపకాయే వెయ్యమంది.

తెర మీద ఎర్రటి కాయ వంకర తిరిగింది. కింద ఒక నంబరు.

"ఇదేంటే?"

"సీడ్ అంటారు పిన్నీ, బొమ్మకి విత్తనం లాంటి నంబరు. ఈ సీడ్ ఇస్తే ఏ కంప్యూటర్‌లో అయినా అచ్చం ఇదే కాయ వస్తుంది."

"కల్తీ ఉండదా?"

"ఎట్టా ఉంటుంది? కోడ్ తెరిచే ఉందిగా. ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు."

"మా విత్తనాల కొట్టువాడు సంచీ మూతి కూడా విప్పి చూపలేదు," అంది సఫూరా.

ఎనిమిది పేజీల్లోనూ ఆ కాయే అచ్చేయించుకుంది. ఒడి నిండా కాగితాలు తీసుకెళ్ళి, ముక్కలు చేసి నారుమడిలో చల్లింది.

"పల్చగా చల్లవే, మొక్కలు ఒత్తుగా వస్తే నారు పాడవుద్ది," అన్నాడు గట్టు మీద నుంచి బుల్లయ్య.

నేను పక్కన నిలబడి ఒక్క దగ్గు దగ్గాను. ఆ అదురుకే మొలకలు లేచాయని ఊరంతా అంటుంది, నేను కాదనను.

చేను కాపుకొచ్చింది. సగం సాళ్ళలో కాయలు నేలకి వేలాడాయి. సగం సాళ్ళలో, తలకిందుల పేజీల పుణ్యమా అని, ఆకాశంలోకి నిక్కాయి. ఘాటుకి అక్కడెక్కడో తుళ్లూరులో రాజధాని కట్టే క్రేన్లు తుమ్మాయి.

నారు మొలవలేదన్న పాత మాటే పట్టుకుని, కొత్త కౌలుదారుని వెంటబెట్టుకొచ్చిన వెంకయ్య గట్టు మీదే ఆగిపోయాడు. ఒక కాయ తుంచి వాసన చూశాడు.

"ఏ కంపెనీ విత్తనం సఫూరా?"

"కంపెనీది కాదండి. అందరిదీ."

"అందరిలో నేను ఉన్నానా?"

ఆమె నంబరు చెప్పింది. వెంకయ్య కుడి అరచేతిలో రాసుకుని, వెంట వచ్చినవాడి వైపు తిరిగాడు. "నువ్వెళ్ళు. ఈ చేను ఆవిడే చేస్తుంది."

నమ్మకం కుదరకపోతే ఆయన్నే అడగండి. ఆ చెయ్యి కడిగితే నంబరు పోతుందని ఇప్పటికీ ఎడంచేత్తో చెంచా పట్టుకుని అన్నం తింటాడు. పేరు దొప్పలపూడి వెంకయ్య.