కుడి పక్క బొమ్మ

బీరువాలూ మంచాలూ చేసి బతికే మనిషికి ఈ వీడియోగేము పెట్టె కట్టే పిచ్చి ఎందుకు పట్టిందని ఎవరైనా అడిగితే, వడ్రంగి నోటికొచ్చిన సాకల్లా చెప్పేవాడు. ప్లైవుడ్ ముక్కలు మిగిలిపోయి పాడవుతున్నాయనేవాడు. పాత మానిటర్ ఒకటి ఊరికే దొరికిందనేవాడు. భార్య మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది.

"మీ అక్కకి ఒక ఫోన్ చేయడానికి ఇంత బీరువా కట్టాలా?"

అతను రంపం పట్టుకుని అటు తిరిగిపోయాడు. ఉన్నమాట అంటే ఎవరికైనా ఉలుకే మరి!

వాళ్ల నాన్న ఒకప్పుడు, పిల్లలు డబ్బులిచ్చి పెట్టెల ముందు నిలబడి ఆడుకునే వీడియోగేముల దుకాణం నడిపేవాడు. మూలన గోడ పక్కనున్న పెట్టె అక్కాతమ్ముళ్ల సొంతం. తమ్ముడు ఎడమ మీటల దగ్గర, అక్క కుడి మీటల దగ్గర. ఎడమ పక్క చెక్క మీద నిప్పులు కక్కే డ్రాగన్ తల ఉండేది. కుడి పక్కన ఏముందో అతనికి ఏనాడూ తెలియలేదు. పెట్టెకీ గోడకీ మధ్య సందులో బక్కపలచని అక్క ఒక్కతే దూరగలిగేది, ప్లగ్గు పెట్టడానికి. తమ్ముడు బొద్దుగా ఉండేవాడు. అందుకే అక్క అతన్ని బొండాం అని పిలిచేది.

"అటుపక్క ఏం బొమ్మ ఉంది? చెప్పక్కా!"

"చెప్పను ఫో."

గడ్డం పట్టుకుని బతిమాలినా అదే జవాబు. తర్వాత దుకాణం మూతపడింది. అతను బడిలో ఉండగానే ఎవరో వచ్చి పెట్టెలన్నీ బండికెక్కించుకుపోయారు.

ఇప్పుడు అక్కది వేరే ఊరు, వేరే సంసారం. పోట్లాటా లేదు, అలకా లేదు. అయినా ఫోన్లో మాటలు ఎండిపోయాయి. "బాగున్నావా తమ్ముడూ? పిల్లలు బాగున్నారా? సరే, ఉంటా మరి." ఆ 'ఉంటా మరి' వినగానే అతని ప్రాణం ఉసూరుమనేది. నోరు మూయించలేక నాన్న తల పట్టుకున్న అక్కేనా ఈమె? బొండాం అని ఆమె పిలిచి ఎన్నేళ్లయిందో!

పెట్టె తయారైంది, బొమ్మలే తక్కువ. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే కంప్యూటర్లో ఎక్కించుకున్నాడు. మొదట గింప్ అనే దాంట్లో చిన్నగా డ్రాగన్ తల గీసి, పెట్టెకి అతికించే స్టిక్కర్ వేయించాలని మురిసిపోతూ స్టిక్కర్ షాపుకి పట్టుకెళ్లాడు. షాపాయన దాన్ని మనిషెత్తు పెంచి చూపించేసరికి డ్రాగన్ మొహమంతా గళ్లు గళ్లయి, ఇటుకల గోడలా తేలింది.

"ఇది ఫోటోలు దిద్దుకోవడానికి బాగుంటుందండీ," అన్నాడు షాపాయన. "రంగులు పూయాలంటే క్రిటా ఉంది. మీకు కావాల్సింది ఎంత పెంచినా గీత చెదరనిది. ఇంక్‌స్కేప్ పెట్టుకోండి. అదీ ఉచితమే."

ఇంక్‌స్కేప్ అతని చేతికి ఇట్టే అలవాటైంది. గీత మీది చుక్కని పట్టి లాగితే, తడిపిన చెక్కబద్దలా వంగేది. డ్రాగన్ తల అచ్చం అప్పటిలాగే వచ్చింది. ఒక్క నొక్కు నొక్కితే అద్దంలోలా అటు తిరిగింది కూడా.

"ఇంకేం, కుడి పక్క కూడా అయిపోయినట్టే. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు షాపాయన, మళ్లీ పట్టుకెళ్లి చూపిస్తే.

ఇంటికొచ్చాక భార్య తెర వైపు చూసి, "రెండు తలలు సరే, తోకేదండీ?" అంది.

అతనికి మనసొప్పలేదు. అక్కని అడగాలి. అడిగితే, గుర్తులేదు అంటే? ఆ బొమ్మ పోతే పోయింది, దాంతోపాటు అక్క కూడా పూర్తిగా పోతుంది. ఆ భయంతోనే ఇన్నాళ్లూ రంపం వెనక దాక్కున్నాడు. చివరికి గుండె చిక్కబట్టుకుని ఫోన్ చేశాడు.

"అక్కా, మన మూల పెట్టెకి కుడి పక్కన ఏం బొమ్మ ఉండేది?"

అటునుంచి కుళాయి చప్పుడు. ఆమె కుళాయి కట్టేసింది.

"ఇప్పుడెందుకురా అది?"

అతను చెక్క సంగతీ, గళ్ల డ్రాగన్ సంగతీ, అన్నీ గడగడా చెప్పేశాడు. "గుర్తులేకపోతే లేదని చెప్పెయ్ అక్కా, పర్లేదు."

"గుర్తులేకపోవడమేంటి? ఏమీ లేదురా అక్కడ. ఉత్త చెక్క. గోడవైపు ఎవరు చూస్తారని రంగు కూడా వేయలేదు."

"మరి అన్నాళ్లూ నన్నెందుకు ఏడిపించావు?"

"చెప్పేస్తే ఇంక నా వెంట ఎందుకు తిరుగుతావు? బడి నుంచి రాగానే సంచి పడేసి, చెప్పక్కా చెప్పక్కా అంటూ కొంగు పట్టుకు తిరిగినట్టు తిరిగేవాడివి. దుకాణం పోయాక కూడా అడుగుతావనే చూశాను." ఆమె గొంతు సన్నబడింది. "నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడిగాగా."

"ఇప్పుడా అడిగేది, బొండాం!"

అతను కళ్లు తుడుచుకున్నాడు. ఇక 'ఉంటా మరి' అంటుందని ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. ఆమె అనలేదు.

"ఇంతకీ దేంట్లో గీశావు? ఉచితం అంటున్నావుగా, మా డొక్కు కంప్యూటర్లో ఎక్కుతుందా? ఆ కుడి పక్క కొలతలు పంపు, నేను గీస్తా."

"ఏం గీస్తావు?"

"చెప్పను ఫో."

అంత మనిషీ చెక్కపొట్టు మధ్యన చతికిలబడ్డాడు.

"చెప్పక్కా," అన్నాడు. "చెప్పక్కా."