ఆరాధన టిఫిన్ డబ్బా

తిరువూరులో మరియదాసు కుట్టిన జాకెట్టు కుదరలేదన్న ఆడమనిషి ఇంతవరకు లేదు. ఎంత ఒళ్ళయినా, ఎలాంటి గుడ్డయినా, ఒకసారి కొలత తీశాడంటే ఒంటికి అతికినట్టు కుట్టి చేతికిస్తాడు. అలాంటి పనిమంతుడికి, రెండేళ్ళు నిండని కూతురి నోట్లో ఒక్క ముద్ద పెట్టడం మాత్రం చేతకాలేదు.

భార్య గ్లోరి టీచరు. కొత్తగా వచ్చిన ఉద్యోగం, విస్సన్నపేట వైపు ఒక పల్లెటూరి బడి. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. అందుకని పాప ఆరాధన పగలంతా తండ్రితోపాటు బస్టాండు రోడ్డులోని కొట్లోనే ఉండేది. మరియదాసు గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టాడు. కత్తెరలూ సూదులూ అందనంత ఎత్తున సర్దాడు. కింద చాప పరిచి, రంగురంగుల ముక్కగుడ్డలు ఒక బుట్టెడు ముందు పోశాడు. పాప ఆ గుడ్డలు నెత్తిన కప్పుకుని, తీసి, మళ్ళీ కప్పుకుని మురిసిపోయేది. ఆటకు లోటు లేదు. చిక్కంతా తిండి దగ్గరే వచ్చింది.

మధ్యాహ్నం కాగానే మరియదాసు మిషను ఆపి, పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా కలిపి, పాపను చంకనేసుకుని కొట్లో వెనక మూలనున్న తెర చాటుకు వెళ్ళేవాడు. తెర ఎందుకంటే, అత్తగారి ఆజ్ఞ. ఆమె పేరు జ్ఞానమణి, ఉండేది పెనుగొలనులో.

"నలుగురి కళ్ళూ పడేచోట బిడ్డకి అన్నం పెట్టబాక బాబూ. దిష్టి తగులుద్ది. తిన్నది ఒంటికి పట్టదు" అని ఫోను చేసినప్పుడల్లా చెప్పేది.

జ్ఞానమణి ఆదివారం పూజ మానదు, మెడలో జపమాల తియ్యదు. దిష్టి అనేది ఉందా అని ఫాదర్ గారు నిలదీస్తే చచ్చినా ఉందని ఒప్పుకోదు. దేవుడి లెక్క దేవుడిది, దిష్టి లెక్క దిష్టిది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది ఈ రెంటినీ ఒకే చెంగున ముడేసుకుని ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తుంటారు.

ఇక తెర చాటున జరిగేది చూడాలి. ముద్ద దగ్గరికి రాగానే పాప మూతి బిగించేది. కాకి వచ్చిందన్నా తెరవదు, పిల్లి ఎత్తుకుపోతుందన్నా తెరవదు. దాని చూపంతా తెర కింద కనిపించే కాళ్ళ మీదే. ఎవరొచ్చారు, ఎవరు నవ్వారు, ఆ గాజుల చప్పుడు ఎవరిది అన్నదే దాని ధ్యాస. ఈలోగా బయటినుంచి "మాస్టారూ, నా జాకెట్టు అయిందా?" అని కేక. చేతికి పసుపు మరకుంటే గుడ్డ ముట్టుకోకూడదు. పరుగున వెళ్ళి సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వచ్చినావిడకు సమాధానం చెప్పి తిరిగొచ్చేసరికి అన్నం గట్టిపడిపోయేది. రెండు మెతుకులు పాప కడుపులోకి, తక్కినవి తండ్రి చొక్కా మీదికి.

ఇంత తంటాలు పడినా అంగన్‌వాడీలో తూకం వేస్తే ముల్లు కదల్లేదు. పోయిన నెల ఎంతో ఈ నెలా అంతే. ఆ కబురు వినగానే జ్ఞానమణి ఆటో ఎక్కి వచ్చేసింది.

"నువ్వు మిషను తొక్కుతావా, పిల్లని సాకుతావా? రెండూ ఎట్టా అవుతయ్యి? వచ్చే తూకం దాకా చూస్తా. అప్పటికీ పెరక్కపోతే పెనుగొలను తీసకపోతా. బళ్ళో వేసే ఈడొచ్చేదాకా నా దగ్గరే ఉంటది" అని తేల్చి చెప్పింది.

గ్లోరి అడ్డు చెప్పలేదు. తల్లి వెళ్ళిపోయాక మాత్రం, "అమ్మ చెప్పిందీ నిజమేగా అండీ. పిల్ల చిక్కిపోతుంటే మన ముచ్చట కోసం ఉంచుకుంటామా?" అంది. అని, అంతలోనే ఏడ్చింది.

పెనుగొలను అంత దూరమేం కాదు. కానీ ఆదివారానికోసారి చుట్టపుచూపుగా వెళ్ళి కన్నకూతుర్ని చూసి రావడం మరియదాసు వల్ల అయ్యే పని కాదు. కుడుతుండగా వచ్చి మోకాలు పట్టుకుని ఊగే ఆ పిల్ల లేకుండా, ఆ కొట్లో ఒక్క పూటైనా కూర్చోలేడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

ఒకరోజు కత్తిరింపు బల్ల కింద చీపురు పెట్టి ఊడుస్తుంటే దారప్పోగులతోపాటు బిస్కెట్టు కవర్లు, చాక్లెట్టు కాగితాలు, సగం కొరికిన రస్కులు గుట్టగా బయటికొచ్చాయి. మర్నాటినుంచి మరియదాసు మిషను మీద ఒక కన్ను, పాప మీద ఒక కన్ను వేసి కూర్చున్నాడు. హుక్కులు వేయించుకోవడానికి వచ్చినావిడ సంచిలోంచి బిస్కెట్టు తీసింది. కొలతలివ్వడానికి వచ్చిన కాలేజీ పిల్ల చాక్లెట్టు పెట్టింది. బస్సుకు టైముందని నీడ కోసం నిలబడ్డ ముసలమ్మ జంతిక ముక్క చేతికిచ్చింది. పసిపిల్ల కనిపిస్తే చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా కదలడం మనవాళ్ళకు రాదు. పిల్లలున్న చోటికి ఉత్తచేతులతో వెళ్ళకూడదని చిన్నప్పుడే నూరిపోస్తారు మరి. ఎవరేం పెట్టినా పాప పిట్టపిల్లలా నోరు తెరిచేది. పొద్దుటినుంచి పొట్టలో అదంతా పడ్డాక, మధ్యాహ్నం తెర చాటున పప్పన్నం ఎవరికి కావాలి?

మరియదాసు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో, "పాపకు బిస్కెట్లు, చాక్లెట్లు పెట్టవద్దు" అని రాసి గుమ్మానికి తగిలించాడు. తెలివైన పనే చేశాననుకున్నాడు, పాపం.

దాన్ని ముందు చదివింది ప్రమీలారాణి. గంపలగూడెం వైపు పెద్ద మామిడితోటలున్న ఇంటి ఇల్లాలు. మాఘమాసంలో కూతురి పెళ్ళి పెట్టుకుని, ఇంటిల్లిపాదికీ జాకెట్లు కుట్టించడానికి గుడ్డల సంచితో వచ్చింది. అట్టను పైకే చదివింది.

"ఏంటయ్యా మరియదాసూ, మేం పెట్టేది విషమా? పసిదానికి బిస్కెట్టు ముక్క పెట్టే పాటి చనువు కూడా లేదా నీ కొట్లో?"

"మిమ్మల్నని కాదు అమ్మగారూ..."

"మరెవర్నని?" అని, దింపబోయిన సంచిని మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వైపు చేతులు చాచి పాప గుక్కపట్టి ఏడ్చింది. పెళ్ళివారి పని పోయింది, పిల్లా ఏడ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మరియదాసు ఆ అట్ట పీకి, నాలుగు ముక్కలు చేసి అవతల పారేశాడు.

అయితే కోపం చల్లారాక అతనికి ఒకటి తట్టింది. సాయంత్రం గ్లోరి ఇంటికి రాగానే, ఆమె చెప్పులైనా విడవకముందే చెప్పాడు.

"పెట్టే చేతిని ఆపలేం గ్లోరీ. ఆపితే మనుషులు నొచ్చుకుంటన్నారు. ఆ చేతిలో ఏముండాలో అది మనం చూసుకుందాం."

"అంటే?"

"అంటే ఏముంది, పెట్టేదేదో మన డబ్బాలోంచే పెట్టమందాం. ఒక్కటే షరతు. కారేది, అంటేది వద్దు. పాప చేతులు పట్టుగుడ్డల మీద పడినా మరకవ్వకూడదు."

గ్లోరి చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది.

మర్నాటినుంచి ఇంట్లో పొద్దున్నే ఇడ్లీ పాత్ర పొయ్యెక్కేది. ఒక రేకులో ఇడ్లీలు, ఇంకో రేకులో చిలగడదుంప ముక్కలు, అడుగున నీళ్ళలో గుడ్డు. ఒకే ఆవిరికి అన్నీ అయిపోయేవి, గ్లోరి ఆటో తప్పిపోయేది కాదు. ఇడ్లీని చిన్న ముక్కలు కోసి వేయించిన నువ్వులపొడిలో దొర్లించేది. ఒకరోజు పెసరపిండిలో క్యారెట్ తురిమి రూపాయి బిళ్ళంతేసి అట్లు పోసేది. ఇంకోరోజు పప్పన్నాన్నే మెత్తగా పిసికి, ఉసిరికాయంత ఉండలు చేసి, పెనం మీద దోరగా తిప్పేది. అలా చేస్తే చేతికి అంటదు, నోట్లో వేసుకుంటే ఇట్టే కరిగిపోతుంది. వీటితోపాటు ఒక అరటిపండు. అన్నీ అరలున్న స్టీలు డబ్బాలో సర్దేది. మరియదాసు ఆ డబ్బాను కొట్టు గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టాడు. పక్కనే నీళ్ళ బకెట్టు, చెంబు, సబ్బు.

"పాపకేమన్నా పెట్టాలనిపిస్తే ఇందులోంచి పెట్టండమ్మా, చేతులు కడుక్కుని. కూర్చోబెట్టి, ఒక్కొక్క ముక్కే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

ఈసారి ఎవరూ నొచ్చుకోలేదు సరికదా, అదొక వేడుకైపోయింది. "ఇవాళేంటి మెనూ?" అని మూత తీసి చూసేవాళ్ళు. ఒకావిడ తానే ఒక అట్టు నోట్లో వేసుకుని "ఉప్పు చాల్లేదు మాస్టారూ" అంటే, పక్కావిడ "నీకు పెట్టిందా అమ్మా అది?" అని తగులుకునేది. చుట్టూ మనుషులు, కబుర్లు, గాజుల చప్పుళ్ళు. పాపకు కావలసిందే అది. తెర చాటున మూతి బిగించిన పిల్ల పదిమంది మధ్య నోరు తెరిచేది, తిన్న తర్వాత ఇంకోటి కావాలని వేలు చూపించేది.

ప్రమీలారాణి కూడా గుడ్డల సంచితో తిరిగొచ్చింది. కోపం కొద్దీ వేరే కొట్లో ఇచ్చిన జాకెట్టు చంకల్లో పట్టేసింది, దాంతో కోపం వదిలింది. బింకంగా బెంచీ మీద కూర్చుని, డబ్బా కథంతా విని, లేచి చేతులు కడుక్కుని వచ్చి గుడ్డు ముక్క పెట్టింది. పాప తినేసి ఆమె ఒళ్ళోకి ఎక్కింది.

"చూశావా, నా చేత్తో పెడితే ఎట్టా తిన్నదో!" అని ఆవిడ కొట్టంతా కలయజూసింది.

తండ్రి పెట్టిన ముద్ద చేదు, దారినపోయేవాళ్ళు పెట్టింది తీపి! మరియదాసుకు లోపల కాస్త ఉడుకుమోత్తనం వచ్చిన మాట నిజమే. కానీ సాయంత్రానికి డబ్బా ఖాళీ అయి కనిపిస్తే అదెక్కడ నిలుస్తుంది? అత్తగారికి మాత్రం ఈ సంగతి భార్యాభర్తలిద్దరూ చెప్పలేదు. ఎలా చెబుతారు?

తూకం ఇంకా వేయనే లేదు. అందాకా ఆగలేక జ్ఞానమణి ఒకరోజు చెప్పాపెట్టకుండా, మనవరాలి బట్టలు సర్దుకుని వెళ్ళడానికి ఖాళీ సంచీ పట్టుకుని మిట్టమధ్యాహ్నం దిగింది. ఆ వేళకు బెంచీ నిండా ఆడవాళ్ళున్నారు. ప్రమీలారాణి ఒళ్ళో పాప ఉంది. ఆమె ఇడ్లీ ముక్క పెడుతోంది, అందరూ చూస్తున్నారు.

"నడి బజార్లోనా! ఇంతమంది కళ్ళల్లోనా!" జ్ఞానమణి గొంతు ఖంగుమంది. "నేనేం చెప్పాను, నువ్వేం చేస్తన్నావు బాబూ?"

మరియదాసు మిషను ఆపి లేచి నిలబడ్డాడు. ఆమె పాపను ఎత్తుకుంది, డబ్బా అందుకుంది, విసురుగా తెర చాటుకు వెళ్ళింది. "తిను తల్లీ, అమ్మమ్మనమ్మా... ఆ అను" అన్న బతిమాలింపు వినిపిస్తోంది. పాప నోరు తెరవలేదని ఆ గొంతులోనే తెలుస్తోంది. ఇప్పుడు గనక తినకపోతే ఈవిడ పిల్లను తీసుకునే కదులుతుందని మరియదాసుకు అర్థమైపోయింది.

తెర కదిలింది. ముందు పాప బయటికొచ్చింది. అమ్మమ్మ చెంగు పిడికిట పట్టుకుని, బలంకొద్దీ లాగుతోంది. వెనకాలే డబ్బాతో జ్ఞానమణి. పాప ఆమెను బెంచీ దాకా లాక్కొచ్చి, ఆడవాళ్ళ మధ్య ఖాళీ చూపించి, చేత్తో తట్టింది. జ్ఞానమణి కూర్చుంది. పాప డబ్బాలో చెయ్యిపెట్టి ఒక చిలగడదుంప ముక్క తీసి, అమ్మమ్మ నోటి దగ్గర పెట్టి, తనను ఇన్నాళ్ళూ అందరూ ఎలా అడుగుతున్నారో అలాగే తనూ "ఆ" అంది.

జ్ఞానమణి అటూ ఇటూ చూసింది. భర్త పోయిన దగ్గర్నుంచి ఒక్కతే వండుకుని, ఒక్కతే తిని, గిన్నె కడిగి బోర్లించే మనిషి. నోటికి ఒకరు ముద్ద అందించి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. నోరు తెరిచింది. పాప రెండో ముక్క తన నోట్లో వేసుకుంది, మూడోది ప్రమీలారాణికి పెట్టింది. బెంచీ అంతా ఘొల్లుమంది. పాప మళ్ళీ అమ్మమ్మ దగ్గరికొచ్చి, ఈసారి తాను నోరు తెరిచి నిలబడింది. జ్ఞానమణి పెట్టింది. పాప తింది.

అలా డబ్బా అడుగు కనిపించేదాకా సాగింది. ఆ తర్వాత జ్ఞానమణి చెంగుతో పాప మూతి తుడిచి అంది.

"ఇందాక ఎత్తుకున్నప్పుడే తెలిసింది నాకు, బరువెక్కిందని. కోపంలో పైకి అన్లేదు."

"అత్తయ్యా, మీతో ముందే చెప్పాల్సింది..."

"చెబితే ఒప్పుకునేదాన్నా ఏంటి?" అని కొంచెం ఆగింది. "పెనుగొలను తీసకపోతే దీనికి పెట్టడానికి నేనొక్కదాన్నే గదా బాబూ. ఇక్కడ ఇంతమంది ఉన్నారు. వద్దులే. పిల్లని నీ దగ్గరే ఉండనీ."

మరియదాసు వెళ్ళి మిషను ముందు కూర్చుని, ఎవరూ తన మొహం చూడకుండా తల వంచుకుని తొక్కడం మొదలుపెట్టాడు. కళ్ళ నిండా నీళ్ళు. పెళ్ళికూతురి జాకెట్టు చేతి మీద కుట్టు జానెడు పొడుగున వంకర పోయింది. పొరపాటు చూసుకుని, బ్లేడు తీసుకుని, దారం ఒక్కొక్కటీ విప్పుతూ కూర్చున్నాడు. అంత సంతోషంగా అతను ఏ కుట్టూ విప్పలేదు.